దసరా మామూలు, హాలోవీన్ సంచీ: అక్టోబరులో మన పిల్లలు

నవంబరు మొదటి శనివారం తరగతిలో ఆరేళ్ల పిల్లల్ని రెండు ప్రశ్నలు అడిగి చూడండి. హాలోవీన్‌కి ఏం చేశావు? దసరాకి ఏం చేశావు? మొదటిదానికి జవాబు పొడుగ్గా వస్తుంది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు కూడా సగం ఇంగ్లీషు కలిపైనా చెప్పేస్తారు: వేషం వేసుకున్నా, తలుపు తట్టా, అడిగా, సంచీలో వేసుకున్నా, ఇంటికొచ్చి లెక్కపెట్టా, తమ్ముడితో మార్చుకున్నా. రెండోదానికి జవాబు చిన్నది. హాల్‌కి వెళ్లాం. డాన్స్ ఉంది. తిన్నాం. వచ్చేశాం.

ఈ రెండు జవాబుల్లో క్రియలు లెక్కపెట్టండి. మొదటి పండగలో పిల్లవాడు చేసిన పనులు ఉన్నాయి. రెండోదాంట్లో వాడిని కారెక్కించి తీసుకెళ్లారు, అంతే. దీన్ని చూసి చాలామంది తల్లిదండ్రులు అనుకునేది ఒకటే: ఇక్కడి సంస్కృతి పిల్లల్ని లాగేసుకుంటోంది, మనదేమో నిలవడం లేదు అని. నేను అలా అనుకోవడం లేదు. దసరా కూడా ఒకప్పుడు పిల్లలు తలుపులు తట్టే పండగే. అందులోనూ వేషం ఉండేది, పాట ఉండేది, చేతిలో తినడానికి ఏదో ఒకటి పడేది. పైగా దాన్ని నడిపింది బడి. అది మన చేతుల్లోంచి జారిపోయింది టొరంటోలోనో, వాంకూవర్‌లోనో కాదు. మనం విమానం ఎక్కకముందే, మన ఊళ్లలోనే పోయింది. ఎలా పోయిందో తెలిస్తే, తెలుగు బడి ఏం చేయగలదో కూడా తెలుస్తుంది.

బడే ఇంటికి వచ్చిన కాలం

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలన్నిటికీ ఒక ప్రశ్న పంపాడు. మీ జిల్లాలో బడులు ఎన్ని, ఎవరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు? బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో దీనికి పెద్ద జవాబే రాశాడు. ఈ క్యాంప్‌బెల్ మనకి కొత్తవాడేం కాదు, 1816లో తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో అచ్చువేసినవాడు. అప్పటి బళ్లారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసినది. ఆ జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు అని అతను లెక్క ఇచ్చాడు. ఇంగ్లీషు బడి ఒక్కటే. ఈ నివేదికని ధరంపాల్ 1983లో తన 'ది బ్యూటిఫుల్ ట్రీ' పుస్తకంలో మళ్లీ అచ్చువేశారు.

అంకెల కంటే మనకి పనికొచ్చేది క్యాంప్‌బెల్ వర్ణించిన తీరు. పిల్లవాడికి ఐదేళ్లు రాగానే చదువు మొదలయ్యేది. ఎక్కడ మొదలయ్యేది? బడిలో కాదు, వాడి ఇంట్లో. పంతులుగారిని, ఆ బడిలో అప్పటికే చదువుతున్న పిల్లలందరినీ ఇంటికి పిలిచేవాళ్లు. అందరూ వినాయకుడి చుట్టూ గుండ్రంగా కూర్చునేవాళ్లు. కొత్త పిల్లవాడిని విగ్రహానికి ఎదురుగా కూర్చోబెట్టి, పంతులుగారు పక్కన కూర్చుని, ధూపం వేసి, వాడిచేత ప్రార్థన చెప్పించి, వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేర్లు రాయించేవారు. మర్నాడు పొద్దున వాడు బడికి వెళ్లేవాడు. అప్పటికే అక్కడ ఉన్న పిల్లలంతా తెలిసిన మొహాలే. నిన్ననే వీడి ఇంటికి వచ్చి వెళ్లినవాళ్లు.

ఇది మనం ఇవాళ అక్షరాభ్యాసం అనుకుంటున్నదే. బాసరలోనో, ఇక్కడి గుడిలోనో వరసలో నిలబడి చేయిస్తున్నాం. చేయించడం మంచిదే. కానీ పాత పద్ధతిలో ఉన్న ఒక ముఖ్యమైన సంగతి మన ఫోటోల్లో కనిపించదు: తోటి పిల్లలు. బియ్యంలో రాసేది ఒక్క పిల్లవాడే అయినా, చుట్టూ కూర్చున్నది బడి మొత్తం.

క్యాంప్‌బెల్ చెప్పిన ఇంకో ముచ్చట. బడికి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లట. రెండోవాడికి సున్న, అంటే పొగడ్తా లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. దెబ్బల సంగతి వదిలేద్దాం. శనివారం పొద్దున పది గంటలకి మంచులో డ్రైవ్ చేసి వచ్చిన పిల్లల్ని ఆలస్యానికి తప్పుపట్టే ధైర్యం మనలో ఎవరికీ లేదు. ముందొచ్చిన పిల్ల అరచేతిలో ఒక అక్షరం రాయడం మాత్రం ఇప్పుడూ చేయొచ్చు. ఆ అక్షరం సాయంత్రం దాకా చెరగకుండా దాచుకుంటారు.

ఆ బడుల్ని మరీ ఎత్తుకోవద్దు. క్యాంప్‌బెల్ లెక్కలో మొత్తం 6,641 మంది విద్యార్థులుంటే ఆడపిల్లలు 60 మంది. పేదరికం వల్ల చాలామంది పిల్లలు ఐదేళ్లు చదివి మానేసేవాళ్లని కూడా అతనే రాశాడు. నేతపని దెబ్బతిని, ఊళ్లు చితికిపోయి బడులు నిలవడం లేదని కూడా ఆ నివేదికలోనే ఉంది.

పంతులుగారి జీతం, పిల్లల పాట

వీధిబడి పంతులుగారికి సర్కారు జీతం లేదు. పిల్లల ఇళ్లనుంచి వచ్చే కొద్ది డబ్బులు, ధాన్యం, కూరగాయలు, అంతే. ఏడాదికోసారి దసరాకి వచ్చేది మామూలు. మామూలు అంటే ఎప్పటినుంచో అలవాటుగా ఇస్తున్నది అని అర్థం. ఇప్పుడు ఆ మాట ఏ ఆఫీసు బల్ల కిందికి చేరిందో మీకు తెలుసు. అప్పట్లో దాంట్లో దాచుకోవాల్సిందేమీ లేదు. పట్టపగలు, వీధి మధ్యలో, పిల్లలు పాడుతుండగా తీసుకునేవారు.

కోస్తా ఊళ్లలో నవరాత్రులు వచ్చాయంటే బడి నడిరోడ్డు మీదికి వచ్చేది. పిల్లలు కొత్త బట్టలు వేసుకుని, రంగు కాగితాలు అంటించిన వెదురు విల్లంబులో, గిలకలో పట్టుకుని, పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగేవాళ్లు. కొన్ని ఊళ్లలో బాణం వదిలితే ఇంటివాళ్ల మీద పువ్వులో, బుక్కాగుండో పడేది. గడపముందు నిలబడి దసరా పద్యాలు చదివేవాళ్లు. ఆ పద్యాల్లో ఇంటివాళ్ల దయని అడగడం ఉండేది, పంతులుగారికి ఇంత, పిల్లలకి ఇంత అని కొంచెం హాస్యంగా బేరం ఉండేది. రేపు రా, మాపు రా అని తిప్పించుకోవద్దని ఇంటివాళ్లకి చురకలు కూడా ఉండేవి. ఇంటావిడ పంతులుగారి పళ్లెంలో డబ్బులు వేసి, పిల్లల చేతుల్లో పప్పుబెల్లాలు పోసేది. మన తాతల తరంలో ఎంతమంది ఈ పాట మొత్తం ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారో అడిగి చూడండి. ఎనభై ఏళ్లకి కూడా గుర్తుండటానికి కారణం దాన్ని పరీక్ష కోసం నేర్చుకోకపోవడమే. అది చదివితేనే పప్పుబెల్లాలు వచ్చేవి. బాగా చదివితే పంతులుగారి ఇంట్లో పొయ్యి వెలిగేది. పిల్లలకి ఆ సంగతి తెలుసు కూడా.

ఈ ఆచారం ఎందుకు పోయింది? ఎవరో నిషేధించి కాదు. 1854 నాటి వుడ్ విద్యా విధానం తర్వాత ప్రైవేటు బడులకి ప్రభుత్వ గ్రాంట్లు మొదలయ్యాయి. స్థానిక బోర్డులు వచ్చాక బోర్డు బడులు, జీతం పంతుళ్లు వచ్చారు. నెలజీతం వచ్చే పంతులుగారు ఇంటింటికీ తిరిగి అడగడం చిన్నతనంగా కనబడటం మొదలైంది. తిరిగితే పై అధికారి ఏమంటాడో అన్న భయం కూడా. 1950ల దాకా, కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా నడిచింది కానీ, అప్పటికే అది ముగింపుకి వచ్చిన ఆచారం. పంతులుగారి కష్టం తీరింది, అది మంచిదే. దాంతోపాటు దసరాలో పిల్లల పని కూడా పోయింది. ఆ రెండూ ఒకే ముడిలో ఉన్నాయని ముడి విప్పినప్పుడు ఎవరూ చూసుకోలేదు. దసరా అంటే బడికి సెలవు అయింది. బడే పండగ చేసిన రోజులు జ్ఞాపకాల్లోకి వెళ్లాయి.

తెలంగాణ కథ వేరు

నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చినా అక్కడా బోధన ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో మాట్లాడే భాష, బడిలో దానికి చోటు తక్కువ. అంటే ఇవాళ బ్రాంప్టన్‌లోనో, ఎడ్మంటన్‌లోనో మన పిల్లల పరిస్థితి ఏమిటో, వందేళ్ల క్రితం సొంత గడ్డ మీద తెలుగు పిల్లల పరిస్థితి కొంతవరకు అదే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టుకున్నది ఆ లోటు పూడ్చుకోవడానికే. వలంటీర్లు, చందాలు, సాయంత్రం పూట పుస్తకాలు. మన తెలుగు బడికి పెద్దన్న అని చెప్పుకోదగ్గ సంస్థ అది.

అయితే గ్రంథాలయం మెట్లెక్కని ఆడపిల్లలకి తెలుగు ఎక్కడ దొరికింది? ఇంట్లో దొరికింది, పొలంలో దొరికింది, అన్నిటికంటే నిండుగా బతుకమ్మలో దొరికింది. బతుకమ్మకి ముందు పెళ్లికాని ఆడపిల్లలు మట్టితో చేసుకునే బొడ్డెమ్మ ఉంటుంది. చిన్నపిల్లలు ముందు అక్కడ ఆడి, పాడి, చప్పట్ల లయ పట్టుకుని, ఆ తర్వాత తొమ్మిది రోజుల బతుకమ్మలో పెద్దవాళ్ల వలయంలోకి వచ్చేవాళ్లు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. మాటలు రాని పిల్ల కూడా పల్లవి అందుకోగలదు. పది పాటలు తిరిగేసరికి మాటలు వస్తాయి. భాష నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠ్యప్రణాళిక ఎవరూ రాయలేదని నా నమ్మకం. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో బతుకమ్మని రాష్ట్ర పండగ చేశారు. ఇప్పుడు కెనడాలో కూడా పెద్ద పెద్ద హాళ్లలో ఆడుతున్నారు. కానీ స్పీకర్లో పాట పెడితే పల్లవి అందుకునే అవసరం ఉండదు. చిన్నపిల్ల నోరు మూసుకుని తిరుగుతుంది. ఈ ఒక్క విషయం మాత్రం నిర్వాహకులకి గట్టిగా చెప్పాల్సిందే: ఒక అరగంటైనా మైకు ఆపేయండి.

శనివారం హాలు ఎలా వచ్చింది

కెనడా తలుపు మనకి చాలాకాలం మూసే ఉంది. 1908లో పెట్టిన నిబంధన ప్రకారం సొంత దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో వచ్చినవాళ్లకే ప్రవేశం. ఇండియా నుంచి అలా వచ్చే ఓడ లేదు. 1914లో కొమగాట మారు ఓడలో 376 మంది వాంకూవర్ దాకా వస్తే, కొద్దిమందిని తప్ప దిగనివ్వలేదు. 1951లో ఏడాదికి 150 మంది భారతీయులు అని కోటా పెట్టారు. దేశాన్ని బట్టి కాకుండా చదువు, వృత్తి, భాష చూసి మార్కులు వేసే పద్ధతి 1967లో వచ్చింది. తెలుగువాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో రావడం ఆ తర్వాతే. వచ్చినవాళ్లు ఇంజనీర్లు, డాక్టర్లు, లెక్చరర్లు. ఒక ఊళ్లో ఒక కుటుంబం, ముప్పై మైళ్ల అవతల ఇంకొకటి.

అలాంటి చోట పండగ వీధిలో చేసుకోవడం కుదరదు. వీధిలో రెండో తెలుగు ఇల్లు లేదు. తిథి మంగళవారం వస్తే ఎవరికీ సెలవు లేదు. అందుకని ముందు ఎవరో ఒకరి బేస్‌మెంట్, తర్వాత చర్చి హాలు, ఆ తర్వాత స్కూలు జిమ్, అన్నీ శనివారం. తలా ఒక వంట. పిల్లలకి ఏదైనా పని ఉండాలి కాబట్టి స్టేజి. ఇది ఆ రోజుల్లో అవసరం, తెలివైన పరిష్కారం కూడా. ఆ హాళ్లు లేకపోతే ఇవాళ ఈ బడి ఉండేది కాదు. కాబట్టి హాలుని తప్పుపట్టడం లేదు.

కానీ హాలు అడిగేది వేరు. పాత దసరాలో పిల్లవాడు తెలుగులో అడగాలి, ఎదుటివాళ్లు తెలుగులో జవాబు చెప్పాలి. స్టేజి మీద నాలుగు నిమిషాల సినిమా పాటకి డాన్స్ చేయడానికి ఒక్క తెలుగు మాట అక్కర్లేదు. మిగతా మూడు గంటలు పెద్దవాళ్లు పెద్దవాళ్లతో తెలుగులో, పిల్లలు పిల్లలతో ఇంగ్లీషులో. ఒకే గదిలో రెండు భాషలు పక్కపక్కనే నడిచి, ఒకదాన్నొకటి తగలకుండా ఇంటికెళ్లిపోతాయి.

ప్రభుత్వం వైపు నుంచి సాయం లేకపోలేదు. 1971 అక్టోబరు 8న ప్రధాని పియరీ ట్రూడో పార్లమెంటులో బహుళ సంస్కృతుల విధానం ప్రకటించారు. 1977లో ఆంటారియో ప్రభుత్వం స్కూలు బోర్డుల ద్వారా వారసత్వ భాషల తరగతులు మొదలుపెట్టింది. తర్వాత పేరు మారింది, పద్ధతి ఉంది. వారానికి రెండున్నర గంటలకి మించకుండా. ఏడాదికి ముప్పై వారాలు అనుకుంటే డెబ్బై అయిదు గంటలు. అంటే మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు, ఇంకో మూడు గంటలు. ఈ కాస్త సమయంలో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు. ఇంట్లో, పండగల్లో మాట్లాడే అవకాశం లేకపోతే ఆ అక్షరాలకి పని ఉండదు. పండగ గురించి తరగతిలో పాఠం చెప్పి వదిలేస్తే చాలదనడానికి కారణం ఇదే.

పక్కింటి పండగ

హాలోవీన్‌ని శత్రువుగా చూసే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. దయ్యాలు, పుర్రెలు ఎందుకు అని. వాళ్ల ఇబ్బంది వాళ్లది, కాదనను. కానీ చరిత్ర చూస్తే అదీ వలస వచ్చినవాళ్ల పండగే. స్కాట్లండ్, ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చుకున్నది. అక్కడ పిల్లలు వేషం వేసుకుని ఇంటింటికీ వెళ్లి, పాటో పద్యమో చదివి, పళ్లో డబ్బులో తీసుకునేవాళ్లు. ఊరికే ఇవ్వరు, ఏదో ఒకటి చేసి చూపించాలి. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? 'ట్రిక్ ఆర్ ట్రీట్' అన్న మాట అచ్చులో కనిపించే తొలి జాడలు కెనడావే. 1927లో అల్బెర్టాలోని బ్లాకీ అనే చిన్న ఊరి వార్తలో అది కనిపిస్తుంది. కాలక్రమంలో పాట పోయింది, పద్యం పోయింది, అడగడం మాత్రం మిగిలింది. వాళ్ల పండగ కూడా ఏదో పోగొట్టుకునే ఇక్కడిదాకా వచ్చింది.

ఇంకొకటి. 1955 నుంచి 2006 దాకా కెనడా పిల్లలు హాలోవీన్ రోజున మెడలో యూనిసెఫ్ వాళ్ల చిన్న అట్టపెట్టె వేసుకుని తిరిగేవాళ్లు. మిఠాయి సంచీలో తమకి, చిల్లర పెట్టెలో వేరే దేశాల పిల్లలకి. పంతులుగారి పళ్లెంలో డబ్బులు, పిల్లల చేతిలో పప్పుబెల్లాలు గుర్తొస్తున్నాయా? పిల్లలు తమ కోసమే కాకుండా ఇంకొకరి కోసం కూడా అడిగినప్పుడు గొంతు మారుతుంది. మన ఊళ్లలోనూ, ఇక్కడి ఊళ్లలోనూ ఆ సంగతి ఎవరో గమనించారు.

2024లో దసరా, కెనడా థాంక్స్‌గివింగ్ ఒకే వారాంతంలో వచ్చాయి. శనివారం అక్టోబరు 12న విజయదశమి, సోమవారం 14న థాంక్స్‌గివింగ్. అదే నెల 31న, హాలోవీన్ రాత్రే దీపావళి. ఇండియాలో 31నా, నవంబరు 1నా అని వాదన నడిచింది కానీ, టొరంటో గడియారం ప్రకారం అమావాస్య 31 తెల్లవారుజామున మొదలై 1వ తేదీ పొద్దున్నే అయిపోయింది కాబట్టి ఇక్కడ సందేహం లేదు. ఆ సాయంత్రం చాలా తెలుగు ఇళ్ల గడపల్లో ప్రమిదలు, పక్కనే గుమ్మడికాయ. ఏ దీపం ఏమిటని వచ్చిన పిల్లలు అడిగితే మన పిల్లలు జవాబు చెప్పారు. ఎవరూ నేర్పకుండానే కొన్ని ఇళ్లలో ఆ రోజు మన పిల్లలు పండగకి యజమానులయ్యారు.

బడి మళ్లీ ఇంటికి వెళ్లాలంటే

నేను అనేది ఇది. దసరా మామూలుని మళ్లీ మొదలుపెట్టగల సంస్థ ప్రపంచంలో ఏదైనా ఉంటే అది తెలుగు బడి లాంటిదే. జీతం పంతుళ్ల కాలంలో ఆగిపోయింది, మనమేమో జీతం లేని పంతుళ్లం. అడగడంలో చిన్నతనం లేదు, ఎందుకంటే మనకోసం అడగం. హాల్ కార్యక్రమం ఉండనివ్వండి. దానికి ముందు వారమో, నవరాత్రుల్లో ఏదో ఒక సాయంత్రమో, దగ్గర దగ్గరగా ఉన్న నాలుగు ఇళ్లు చూసుకుని ఆరేడుగురు పిల్లల్ని తీసుకుని ఒక టీచరు వెళ్తే చాలు. మిస్సిసాగా, బ్రాంప్టన్ లాంటి చోట్ల ఇప్పుడు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో నాలుగు తెలుగు ఇళ్లు దొరకడం కష్టం కాదు. 1970లలో వచ్చినవాళ్లకి లేని అదృష్టం ఇది.

గుమ్మం దగ్గర ప్రతి పిల్లా ఒక మాట తెలుగులో చెప్పాలి. పద్యం వచ్చినవాళ్లు పద్యం, రానివాళ్లు పేరు చెప్పి, ఏ బడి నుంచి వచ్చామో చెప్పి, దసరా శుభాకాంక్షలు చెబితే సరి. ముఖ్యమైనది అటువైపు నుంచి రావాల్సినది. ఇంటివాళ్లకి ముందే చెప్పి ఉంచండి: తలుపు తీయగానే ఇచ్చేయకండి, ఏదైనా అడగండి. మీది ఏ ఊరమ్మా? మీ అమ్మమ్మ పేరేంటి? ఇవాళ ఏం తిన్నావు? మూడేళ్ల పిల్లలకి తరగతిలో నెల రోజులు పట్టే సంభాషణ ఒక గుమ్మం దగ్గర వస్తుంది, రెండో గుమ్మం దగ్గర కుదురుతుంది, నాలుగో గుమ్మానికి వాళ్లే ముందుగా మాట్లాడతారు. వచ్చిన డబ్బులు బడి పుస్తకాలకో, ఫుడ్ బ్యాంకుకో, ఎవరికి ఇవ్వాలో పిల్లలే తేల్చుకోనివ్వండి.

పాత ఆచారంలో ఉన్న రెండు లోపాలు మనతో తెచ్చుకోనక్కర్లేదు. ఒకటి, ఆ ఊరేగింపులో ఆడపిల్లలు తక్కువ. రెండోది, చాలా ఊళ్లలో ఆ పాట అన్ని వాడలకీ వెళ్లేది కాదు, అన్ని వాడల పిల్లలూ ఆ బడిలో ఉండేవాళ్లూ కాదు. మన బడిలో అన్ని కులాల పిల్లలూ ఉన్నారు. క్రైస్తవ, ముస్లిం తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. పూజ ఎవరింట్లో వాళ్లది. తలుపు తట్టడం, పద్యం చెప్పడం, పప్పుబెల్లం తినడం అందరిదీ. నాలుగు ఇళ్లు ఎంచుకునేటప్పుడు ఎవరి ఇల్లు ఎప్పుడూ లిస్టులో ఉండటం లేదో ఒక్కసారి చూసుకోండి.

బతుకమ్మ పేర్చే కుటుంబాలు ఉంటే పూల పని పూర్తిగా పిల్లలకే వదిలేయండి. తంగేడు మంచుకి బతకదు, ఇక్కడ దొరకదు. గునుగు మాత్రం మనం అనుకున్నంత దూరంలో లేదు. నర్సరీల్లో సెలోషియా పేరుతో అమ్మేది ఆ జాతి మొక్కే. చామంతులైతే సెప్టెంబరు నుంచి ప్రతి కిరాణా కొట్టు గుమ్మంలోనూ కుండీల్లో ఉంటాయి. పసుపు కోసం గోల్డెన్‌రాడ్ వాడుకునేవాళ్లున్నారు. పార్కుల్లో కోయకండి, సొంత పెరట్లోవి కోసుకోండి. ప్రతి పువ్వుకీ తెలుగు పేరు పిల్లలచేత చెప్పించాకే పళ్లెంలో పెట్టనివ్వండి.

కొన్ని చిన్న జాగ్రత్తలు. వెదురు విల్లంబులు బొమ్మవే అయినా స్కూలు బోర్డు భవనంలోకి తేవద్దు, ఆయుధంలా కనిపించేవి చాలా బడుల్లో ఒప్పుకోరు. రంగు కాగితాలు చుట్టిన కర్రకి పువ్వులు కట్టినా అందంగానే ఉంటుంది. పప్పుబెల్లంలో వేసేది పుట్నాలు, వేరుశనగ కాదు. అయినా ప్యాకెట్ మీద రాసింది చదవండి. ఆంటారియోలో అలర్జీల మీద 2006 నుంచి సబ్రీనా చట్టం ఉన్నది స్కూళ్లకి కావచ్చు, జాగ్రత్త మాత్రం మన గుమ్మాలకీ అంతే అవసరం. శనగలు పడని పిల్లలు కూడా ఉంటారు, తల్లిదండ్రుల్ని ముందే అడగండి. బెల్లం ముక్క ఒక్కటి ఇచ్చినా దసరా ఆగదు.

అమ్మమ్మలు, తాతయ్యలు 2011 చివర్లో సూపర్ వీసా వచ్చాక ఇక్కడ ఎక్కువ నెలలు ఉండగలుగుతున్నారు. చాలామంది చలి ముదరకముందే, నవంబరులో తిరుగు టికెట్ వేసుకుంటారు. అంటే దసరాకి ఇక్కడే ఉంటారు. 1955లో ఎనిమిదేళ్ల వయసులో పంతులుగారి వెంట తిరిగిన పిల్లవాడికి ఇప్పుడు డెబ్బై ఎనిమిది దాటాయి. ఆ పద్యాలు, ఏ ఊళ్లో ఏ గుమ్మం దగ్గర ఏం ఇచ్చేవాళ్లో, ఎవరు తలుపు వేసుకునేవాళ్లో, అదంతా తెలిసిన చివరి మనుషులు వీళ్లే. మీ నాలుగు ఇళ్లలో ఒకటి తాతగారో మామ్మగారో ఉన్న ఇల్లు అయ్యేలా చూడండి. వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టకండి. పిల్లలతో పాటు గుమ్మం బయట నిలబెట్టండి, పద్యం వాళ్లచేత ఎత్తించండి. ఫోన్లో రికార్డు చేసుకోవడం మర్చిపోవద్దు.

అక్టోబరు నడిమికి టొరంటోలో ఆరున్నర దాటితే చీకటి పడుతుంది. అయిదింటికి బయల్దేరండి. పట్టులంగా మీద జాకెట్ వేసుకోనని పిల్లలు పేచీ పెడతారు, హాలోవీన్ వేషం మీద కూడా అదే గొడవ. లంగా కింద లెగ్గింగ్స్, చొక్కా లోపల స్వెటర్ వేస్తే సగం గొడవ తగ్గుతుంది.